పిల్లల కేసులో వకీలు చివరి వాయిదా దాకా ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. నవంబరు నెలలో పన్నెండు రోజుల వ్యవధిలో మూడు దినాలు వస్తాయి. 9వ తేదీ న్యాయసేవల దినం, 14 బాలల దినోత్సవం, 20 ప్రపంచ బాలల దినం. మొదటిదానికి కోర్టు ఆవరణలో షామియానా వేస్తారు, రెండోదానికి బడుల్లో చాక్లెట్లు పంచుతారు, మూడోది వచ్చి వెళ్ళిన సంగతి కూడా ఎవరికీ పట్టదు. ఉత్తరాంధ్ర కోర్టుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి, చివరి కొన్నేళ్ళు బెంచి క్లర్కుగా ఉండి పదవీ విరమణ చేసిన నాకు, ఈ మూడు దినాలకూ ఉన్న సంబంధం ఉద్యోగంలో ఉన్నప్పటికన్నా ఇప్పుడే బాగా తెలిసివస్తోంది. పిల్లల రక్షణ కోసం ఫీజు తీసుకోకుండా పనిచేసే వకీళ్ళు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నారు. మన విజయనగరం, శ్రీకాకుళం బార్ అసోసియేషన్లలోనూ అటువంటి మనసున్నవారు లేకపోలేదు. అయితే మన దగ్గర ఆ సాయం ఒక వాయిదాకో, ఒక అవగాహన సదస్సుకో ఆగిపోతోంది. పిల్ల మొదటిసారి నోరు విప్పిన రోజు నుంచి పరిహారం డబ్బు ఆమె ఖాతాలో పడే రోజు దాకా ఒకే వకీలు వెంట ఉండే ఏర్పాటు కావాలన్నదే ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది.

ఏ కోర్టో, ఏ ఏడాదో చెప్పను. పిల్లల మీద లైంగిక నేరాలకు వర్తించే పోక్సో చట్టం కింద నడిచే కేసులో సాక్ష్యం చెప్పడానికి ఒక పాప తల్లిదండ్రులతో రెండు బస్సులు మారి పొద్దున్న తొమ్మిదిన్నరకే వచ్చి వరండాలో కూర్చుంది. వయసు పన్నెండుకు మించదు. మర్నాడు పరీక్ష ఉందేమో, ఒళ్ళో నోటుపుస్తకం పెట్టుకుని లెక్కలు చేసుకుంటోంది. పదకొండు దాటాక కేసు పిలిచాం. అప్పటికే నడుస్తున్న వేరే కేసు తెమలలేదు గనుక భోజనాల తర్వాత చూద్దామన్నారు. భోజనాల తర్వాత నిందితుడి తరఫు సీనియర్ వకీలు హైకోర్టు పని మీద వెళ్ళారని జూనియర్ నాలుగు వాక్యాల మెమో దాఖలు చేశాడు. వాయిదా పడింది. ఆ కుటుంబం ఆ కోర్టుకు రావడం అది మూడోసారి. సాయంత్రం ఆ రోజు కేసులో జరిగినది డాకెట్ షీటులో రాసి, తర్వాతి తేదీ ఒక చీటీ మీద రాసి తండ్రికి ఇస్తే, ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, ‘‘మా తరపున ఎవులున్నారు బావూ?’’ అని అడిగాడు. ప్రభుత్వం తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్, పీపీ గారు ఉన్నారు కదా అన్నాను. ‘‘ఆయన గవర్నమెంటోల వకీలు గదా, మా పాప తరపున ఎవులున్నారని అడుగుతున్నాను’’ అన్నాడు.

ఆ ప్రశ్నకు చట్టంలో సమాధానం ఉంది. 2012 నవంబరు 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టంలోని 40వ సెక్షను ప్రకారం పిల్ల కుటుంబం తమకు నచ్చిన వకీలును పెట్టుకోవచ్చు, పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ వకీలును ఇవ్వాలి. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను కింద ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండానే ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఈ సంగతులు నాకు తెలుసు. ఆ సంస్థ ఆఫీసు మా కోర్టు హాలుకు కూతవేటు దూరంలోనే ఉంది. అయినా మర్నాటి కేసుల జాబితా తయారుచేసే తొందరలో ఉండి ఆయనకు ఆ తలుపు చూపించలేదు. ఆయన అడిగినది ఇవాళ్టికీ నా చెవిలో ఉంది కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఉండగా మరో వకీలు ఎందుకని కొందరు పెద్దలు అంటారు. కేసు నడిపే అధికారం పీపీదే, అందులో సందేహం లేదు. పిల్ల తరఫు వకీలు ఆయనకు సహాయంగా ఉంటూ, సాక్ష్యం ముగిశాక కోర్టు అనుమతితో రాతపూర్వక వాదన మాత్రం ఇవ్వగలరు. కానీ పీపీ చేతిలో ఒక్క కేసు ఉండదు. ఆయన పాపను మొదటిసారి చూసేది చాలాసార్లు సాక్ష్యం చెప్పే రోజు పొద్దునే. ఈలోగా ఆ కుటుంబానికి ఎదురయ్యే సందేహాలు ఒకటా రెండా? నిందితుడు బెయిలుకు పెట్టుకున్నాడా, వచ్చేశాడా, ఊళ్ళో రాజీ పడమని పెద్దమనుషులు కూర్చోబెడితే ఎవరికి చెప్పుకోవాలి, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం నకలు ఎలా వస్తుంది, బడిలో పేరు తీసేస్తామంటే ఏం చేయాలి? వీటిలో సగం ప్రశ్నలు కోర్టు హాలులోకి ఎప్పుడూ రానివి. వాటికి జవాబు చెప్పే మనిషి లేకనే చాలా కుటుంబాలు నడిమధ్యలో చల్లబడిపోతాయి, సాక్షులు ముందు చెప్పిన మాట మార్చి ‘హోస్టైల్’ అయిపోతారు, మనం ఫైలు మీద ‘కేసు కొట్టివేత’ అని రాసుకుంటాం.

పిల్లకు చట్టం ఇచ్చిన రక్షణలు కూడా అడిగేవాళ్ళు ఉంటేనే పనిచేస్తాయి. పోక్సో చట్టం 33వ సెక్షను ప్రకారం క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు పిల్లను నేరుగా ప్రశ్నించకూడదు, ప్రశ్న జడ్జిగారికి ఇస్తే ఆయనే పిల్లను అడగాలి. పిల్ల పరువు తీసే ప్రశ్నలు, గద్దించే ప్రశ్నలు కోర్టు అనుమతించకూడదు. పిల్లను పదేపదే కోర్టుకు రప్పించకూడదు. 35వ సెక్షను ప్రకారం కేసు విచారణకు స్వీకరించిన 30 రోజుల్లో పిల్ల సాక్ష్యం నమోదు కావాలి, సాధ్యమైనంత వరకు ఏడాదిలో తీర్పు రావాలి. 36వ సెక్షను ప్రకారం సాక్ష్యం చెప్పేటప్పుడు నిందితుడు పిల్ల కంట పడకూడదు. ఇన్ని ఉన్నా, పని ఒత్తిడి ఉన్న కోర్టులో ఎవరూ లేచి గుర్తు చేయకపోతే, బోను పక్కన కట్టాల్సిన తెర బీరువాలోనే ఉండిపోతుంది. నేను చూశాను. ఒకసారి ఒక కుర్ర వకీలు లేచి, ‘‘తెర కట్టిద్దామండీ’’ అని ఒక్క మాట అంటే, అయిదు నిమిషాల్లో కట్టించాం.

అన్నింటికన్నా ఎక్కువ నష్టం జరిగేది పరిహారం దగ్గర. తీర్పు వచ్చేదాకా ఆగనక్కర లేదు. 2020 నాటి పోక్సో నిబంధనల్లో 9వది ప్రత్యేక కోర్టుకు ఎఫ్.ఐ.ఆర్. నమోదైన తర్వాత ఏ దశలోనైనా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం ఇచ్చింది. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం డబ్బు చెల్లించాలి. కోర్టు తనంతట తానే ఇవ్వవచ్చు, లేదా పిల్ల తరఫున దరఖాస్తు పెడితే ఇవ్వవచ్చు. దరఖాస్తు అంటే రెండు పేజీల కాగితం. నా చేతుల మీదుగా వెళ్ళిన ఫైళ్ళలో ఆ రెండు పేజీలు లేనివే ఎక్కువ. పైన చెప్పిన పాప సంగతే చూడండి. ఆమె ఇంటరు చదువుతుండగా తీర్పు వచ్చింది, శిక్ష పడింది, పరిహారం ఇమ్మని కోర్టు రాసింది. ఆ తర్వాత కూడా తండ్రి నాలుగుసార్లు వచ్చాడు. మైనరు పేరున బ్యాంకు ఖాతా లేదని ఒకసారి, ఆధార్‌లో పేరు, బడి రికార్డులో పేరు కలవలేదని ఇంకోసారి, ధ్రువీకరించిన తీర్పు నకలు జత చేయలేదని మరోసారి తిప్పారు. ఒక్కో రాక ఆయనకు ఒక రోజు కూలి, రానూ పోనూ బస్సు చార్జీలు. ఒక వకీలు ఆ నాలుగు కాగితాలు ముందే సరిచూసి ఉంటే ఒక్క ప్రయాణంతో తెమిలే పని అది. వాదనాపటిమ అవసరం లేని, పేపర్లో పేరు రాని ఇటువంటి పనే పిల్లలకు అన్నింటికన్నా ఎక్కువ కావాలి.

ప్రపంచంలో వకీళ్ళు పిల్లల కోసం చేసిన పనుల్లో ఒకటి మన దేశంలోనే ఒక ఉత్తరంతో మొదలైంది. 1982లో లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది, మన పిల్లలను విదేశీయులకు దత్తత ఇచ్చే పేరిట జరుగుతున్న అక్రమాల గురించి ఒక విదేశీ పత్రికలో వచ్చిన కథనం ఆధారంగా సుప్రీంకోర్టుకు ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే రిట్ పిటిషనుగా స్వీకరించింది. 1984 ఫిబ్రవరి 6న జస్టిస్ పి.ఎన్. భగవతి ఇచ్చిన తీర్పుతో అంతర్దేశీయ దత్తతలకు కట్టుదిట్టమైన పద్ధతి ఏర్పడింది, దాని కొనసాగింపుగానే 1990లో కేంద్ర దత్తత వనరుల సంస్థ పుట్టింది. ఆయనకు కక్షిదారు లేడు, ఫీజు లేదు, వకాల్తా కూడా లేదు. ఆ తీర్పు ప్రభావం సముద్రాలు దాటి దత్తత వెళ్ళిన ప్రతి భారతీయ శిశువు మీదా ఉంది.

అమెరికాలో 1964లో అరిజోనా రాష్ట్రంలో జెరాల్డ్ గాల్ట్ అనే పదిహేనేళ్ళ కుర్రవాడు పొరుగింటావిడకు ఫోన్ చేసి అసభ్యంగా మాట్లాడాడన్న ఫిర్యాదు మీద, వకీలు లేకుండానే విచారించి, ఇరవై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా ప్రభుత్వ పారిశ్రామిక పాఠశాలలో ఉంచమన్నారు. అదే పని పెద్దవాడు చేస్తే అక్కడి చట్టంలో 5 నుంచి 50 డాలర్ల జరిమానా, లేదా రెండు నెలలకు మించని జైలు. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ వకీళ్ళు ఆ కేసును సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళి వాదించగా, అటువంటి విచారణలో పిల్లవాడికి కూడా వకీలు సహాయం హక్కేనని 1967లో తీర్పు వచ్చింది. అయినా అదే దేశంలో వలస వచ్చినవారి కేసులు చూసే కోర్టుల్లో ఒంటరిగా నిలబడే పిల్లలకు ప్రభుత్వ ఖర్చుతో వకీలును పొందే హక్కు లేదు. ఆ లోటు పూడ్చడానికే 2008లో కిండ్ అనే సంస్థ మొదలై, పెద్ద పెద్ద కంపెనీ న్యాయ సంస్థల వకీళ్ళకు శిక్షణ ఇచ్చి, ఒక్కో పిల్లవాడి కేసు ఒక్కొక్కరికి అప్పగిస్తోంది. రోజంతా వ్యాపార ఒప్పందాలు రాసుకునే వకీలును కూడా పిల్లల కేసుకు తయారు చేయవచ్చునని ఆ పద్ధతి చూపిస్తోంది. మన దగ్గర భూముల దావాలు, ప్రామిసరీ నోట్ల దావాలు తప్ప క్రిమినల్ వైపు తొంగిచూడనివారు, ‘నాకు ఆ సైడు రాదండీ’ అని తప్పుకునేవారు ఈ సంగతి గమనించాలి.

అమెరికన్ బార్ అసోసియేషన్ ప్రతి వకీలూ ఏడాదికి 50 గంటలు ఉచితంగా పనిచేయాలని ఆశిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే వకీలుగా నమోదు కావడానికి ముందే 50 గంటల ఉచిత సేవ చేసి చూపించాలి. మన కేంద్ర న్యాయశాఖ కూడా 2017లో ‘న్యాయబంధు’ పేరుతో ఉచితంగా పనిచేసే వకీళ్ళ నమోదు మొదలుపెట్టింది. పేరు నమోదు చేసుకోవడం మంచిదే, కానీ ఫోన్‌లో ఉన్న జాబితా పిల్ల పక్కన వచ్చి కూర్చోదు. ఇంకో సంగతి కూడా ఉంది. 2022 నుంచి జాతీయ న్యాయసేవాధికార సంస్థ లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ అనే పద్ధతి పెట్టి, స్తోమత లేని నిందితుల తరఫున పూర్తికాలం వకీళ్ళను నియమిస్తోంది. అది ఎంతో అవసరమైన పని, దాన్ని తప్పు పట్టను. అదే శ్రద్ధ అవతలి వైపు నిలబడిన పిల్ల మీద కూడా ఉండాలని మాత్రం కోరుతున్నాను.

విజయనగరం వాళ్ళం గనుక ఈ విషయంలో మనకు వేరే పాఠం అక్కరలేదు. కన్యాశుల్కం నాటకం 1897లో అచ్చయినప్పుడు గురజాడ వారు పీఠికలో ఒక లెక్క ఇచ్చారు. మహారాజా ఆనందగజపతి వారు తీయించిన ఆ లెక్కలో నాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు 1034 ఉన్నాయి. వాటిలో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. ఆ నాటకంలో కోర్టు పక్షులను ఎంత చీల్చి చెండాడినా, మంచికి నిలబడిన సౌజన్యారావు పంతులు కూడా వకీలే కావడం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ఇవాళ బాల్యవివాహ నిషేధ చట్టం, 2006 కింద పెళ్ళి జరగకముందే మేజిస్ట్రేటు ఇంజంక్షను ఇవ్వవచ్చు, దాన్ని ధిక్కరించి తాళి కట్టినా ఆ పెళ్ళి చెల్లదు. ఆ దరఖాస్తు పెట్టేవారు రాత్రికి రాత్రి దొరకాలి కదా. ముహూర్తం తెల్లవారుజామున ఉన్నప్పుడు అంగన్‌వాడీ కార్యకర్తో, సచివాలయంలోని మహిళా పోలీసో ఫోన్ చేస్తే ఎత్తే వకీలు మండలానికి ఒక్కరున్నా చాలు.

కొండ మీది పిల్లల సంగతి మరీ కష్టం. జిల్లాల గీతలు 2022లో మారి పార్వతీపురం మన్యం వేరయినా, అక్కడి సవర, జాతాపు కుటుంబాలు పనులకు మైదానానికి దిగుతూనే ఉన్నాయి. పిల్లలు రైలెక్కి విజయనగరం జంక్షన్‌లోనో, ఇంకా దూరాన చెన్నైలోనో తేలుతూనే ఉన్నారు. దొరికిన పిల్లను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. అక్కడ ఆ పిల్ల సవర మాట్లాడితే రాసుకునేదెవరు? సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో బడులు పెట్టి, నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారి నేల ఇది. ఆ పిల్ల మాట తెలుగులోకి సరిగ్గా రాకపోతే కేసు మొదటి కాగితంలోనే తప్పుతుంది. అనువాదకుణ్ణి అడిగి తెప్పించే హక్కు పోక్సో చట్టంలోనే ఉంది. ఆ మాట గుర్తు చేయడం కూడా వకీలు పనే. పిల్ల చెన్నైలో దొరికితే, అక్కడి బార్‌లో మనకు తెలిసిన ఒక వకీలు నెంబరు ఉంటే సగం పని అయినట్టే.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో, భారతదేశం 1992 డిసెంబరులో చేరింది. అందులో 12వ అధికరణం, తనకు సంబంధించిన ఏ విచారణలోనైనా పిల్లవాడి మాట నేరుగానో, ప్రతినిధి ద్వారానో వినాలంటుంది. 37వ అధికరణం నిర్బంధంలో ఉన్న పిల్లలకు వెంటనే న్యాయ సహాయం అందాలంటుంది. అందుచేత సెల్‌ఫోను దొంగతనం కేసులో నేరారోపణ ఉన్న పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు వచ్చే కుర్రవాడికీ ఈ మాటలన్నీ వర్తిస్తాయి. ‘చెడ్డ పిల్లల’ తరఫున మాట్లాడడానికి వకీళ్ళు మరీ వెనకాడతారు, అది సరి కాదు.

అలాగే, పిల్లల మీద ఘోరాలు జరిగినప్పుడు నిందితుడి తరఫున ఎవరూ వాదించకూడదని తీర్మానాలు చేసే అలవాటు కొన్ని బార్ అసోసియేషన్లకు ఉంది. అవి చెల్లవని 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నిందితుడికి మంచి వకీలు ఉండాలి, పిల్లకూ ఉండాలి. నిందితుడి వకీలును ఆపితే పిల్లకు మేలు జరుగుతుందనుకోవడం పొరపాటు. అటువంటి విచారణలో వచ్చిన శిక్ష అప్పీలులో నిలవదు, పిల్ల మళ్ళీ మొదటి మెట్టు మీదే నిలబడుతుంది.

స్వచ్ఛందంగా వచ్చినవారందరికీ పిల్లలను అప్పగించమని కూడా నేను చెప్పడం లేదు. పిల్లలతో ఎలా మాట్లాడాలో ఎరగని వకీలు ఎంత పెద్ద మనసుతో వచ్చినా హాని చేయగలడు. జరిగినది నాలుగుసార్లు చెప్పించుకోవడమే ఒక హింస. వచ్చినవారి గుణగణాలు విచారించాలి, రెండు రోజుల శిక్షణ ఉండాలి, పిల్లతో ఒంటరిగా కూర్చోకూడదన్న నియమం ఉండాలి, కేసు పొడుగునా పిల్లకు తోడుగా ఉండడానికి బాలల సంక్షేమ సమితి నియమించే సపోర్ట్ పర్సన్‌తో కలిసి పనిచేయాలి. పిల్లతో ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టేవారిని మొదటి రోజే జాబితా నుంచి తీసేయాలి.

కుర్ర వకీళ్ళ ఇబ్బంది కూడా నాకు తెలుసు. మొదటి అయిదారేళ్ళు సీనియర్ దగ్గర చేతికొచ్చేది పెట్రోలుకే చాలదు. అందుకే బరువంతా వాళ్ళ మీద వేయకూడదు. బార్ అసోసియేషన్ హాలులో నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టండి. సీనియర్లు, జూనియర్లు ఇద్దరేసి జతగా పేర్లు రాసుకోవాలి. ఒక్కొక్కరు నెలకు నాలుగు గంటలు. ఏడాదికి నలభై ఎనిమిది అవుతాయి, అమెరికా వారి యాభైకి దగ్గరే. ఆ జతకు ఏడాదికి ఒకటి రెండు కేసులు మాత్రమే ఇచ్చి, కేసు మధ్యలో మార్చకుండా, చివరి కాగితం దాకా వారి దగ్గరే ఉంచాలి. దారి ఖర్చులు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఇప్పించాలి. కోర్టు వరండాలో పిల్లల కేసులున్న రోజున ఒక గది, ఒక చాప, తాగడానికి నీళ్ళు ఏర్పాటు చేయమని జడ్జిగారిని అడిగే బాధ్యత కూడా ఆ జతదే.

చివరగా మీకే ఒక మనవి. పత్రికలో ఇటువంటి వార్త వచ్చినప్పుడు పాప పేరు మార్చి రాస్తున్నారు, సంతోషం. కానీ ఊరు, బడి, తరగతి, తండ్రి వృత్తి రాసేస్తే మా పక్కన పకోడీలు వేసే ఆవిడకు కూడా ఎవరో తెలిసిపోతుంది. పోక్సో చట్టం 23వ సెక్షను కుటుంబ వివరాలు, బడి, పరిసరాలు కూడా బయటపెట్టకూడదని స్పష్టంగా చెబుతోంది. ఆ వివరాలకు పట్టే రెండు లైన్ల చోటులో, పిల్లలకు ఉచితంగా వకీలు దొరుకుతారనీ, న్యాయసేవాధికార సంస్థకు 15100కు, పిల్లల సహాయవాణికి 1098కి ఫోన్ చేయవచ్చనీ ప్రతి వార్త కిందా వేయగలరా? చీటీ మడిచి జేబులో పెట్టుకున్న ఆ తండ్రి అక్షరం కూడబలుక్కుని రోజూ మీ పత్రిక చదివేవాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
విజయనగరం.